పరదేశ ద్వారము – ఇంటి గుట్టు

వీసా యను మాటకు తెలుగులో సరియైన పేరు ఇంకను కుదురలేదు గాని, ఆ వస్తువు మాత్రము తెలుగు ఇండ్లలో ఉప్పుపప్పులవలె నిత్యవ్యవహారములోనికి వచ్చినది. పెండ్లిచూపులనాడు జాతకముకంటె ముందుగా దానిని గూర్చి యడుగువారు కలరు. సీమంతము, బారసాల, షష్టిపూర్తి మొదలగు శుభకార్యములకు ముహూర్తము పంచాంగమునుబట్టియే గాక దానినిబట్టి కూడ నిర్ణయమగుచున్నది. ఇట్టి విషయమును పురుషులకును దినపత్రికలకును విడిచి స్త్రీలు ఊరకుండుట తగదని మా యభిప్రాయము. ఏలయన, 2025వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వమువారు చేసిన మార్పులలో నొకటి నేరుగా స్త్రీల ఛాయాచిత్రములను, స్త్రీలు తమవారితో చెప్పుకొను కబుర్లను తాకుచున్నది.

ముందుగా విషయస్వరూపమును చెప్పెదము. విశేషవిద్య నపేక్షించు ఉద్యోగములకు పరదేశీయులను కొంతకాలము రప్పించుకొనుటకై అమెరికాలో 1990వ సంవత్సరపు చట్టముచే ఏర్పడిన యనుమతికి హెచ్-1బి యని పేరు. ఇవి ఏటికి 65,000. అమెరికాలోనే పై పట్టము పొందినవారికి మరి 20,000. ఈ యనుమతి మొదట మూడేండ్లకు లభించును. పిమ్మట మరి మూడేండ్లకు పొడిగింపు కలదు. 2024వ ఆర్థికసంవత్సరమున మంజూరైన వానిలో నూటికి 70కి పైగా భారతీయులవే. అందు తెలుగువారి పాలు చిన్నది కాదు. 2008వ సంవత్సరమున హైదరాబాదులో అమెరికా కాన్సులేటు తెరవబడినప్పటినుండి మనవారికి మద్రాసు ప్రయాణము తప్పినది గాని, కాగితముల బరువు మాత్రము తగ్గలేదు.

పేరునకు ఇది తాత్కాలికము. అచట శాశ్వతముగ నివసించుటకు గ్రీన్‌కార్డు కావలెను. ఉద్యోగమునుబట్టి ఇచ్చు గ్రీన్‌కార్డులలో ఏ యొక్క దేశమువారికిని నూటికి 7 పాళ్లకు మించి సామాన్యముగ దొరకవు. చిన్న దేశమునకును మన దేశమునకును ఒకటే కొలత గనుక, మనవారి వరుస దశాబ్దముల పొడవు పెరిగినది. ఆ వరుసలో నిలిచినవారికి ఆరేండ్ల పిమ్మటను అనుమతి పొడిగించుట కలదు. కాబట్టి తాత్కాలికుడని పేరుపెట్టుకొనియే ఒక మనుష్యుడు పదునైదేండ్లు, ఇరువదేండ్లు పన్నులు కట్టి, ఇల్లు కొని, పిల్లలను పెంచుచు నుండును. ఉద్యోగము పోయెనా, వేరొక యజమానిని వెదకికొనుటకు 60 దినములకు మించని గడువు. తల్లిదండ్రుల వెంట పసితనమున వెళ్లిన బిడ్డకు 21 ఏండ్లు నిండినచో వారి వీసానీడ తొలగిపోవును.

ఈ నీడలో నున్నది భార్య. ఆమె వీసాకు హెచ్-4 అని పేరు. ఇంజనీరింగు చదివినదైనను, వైద్యము చదివినదైనను, ఆ వీసాపై నున్నంతకాలము ఆమె జీతము తీసికొని పనిచేయుటకు చాలకాలము వీలులేక యుండెను. భర్తయొక్క గ్రీన్‌కార్డు ప్రయత్నము ఒక మెట్టు దాటినచో ఆమెయు పనిచేయవచ్చునని 2015 మే 26వ తేదినుండి ఒక నిబంధన అమలులోనికి వచ్చినది. దానివలన అనేక తెలుగు గృహిణులు తిరిగి తమ విద్యను పనికి తెచ్చుకొనిరి. అయితే ఆ పని యనుమతిని మరల మరల పునరుద్ధరించుకొనవలెను. దరఖాస్తు పరిశీలనలో నుండగా పాత యనుమతి తనంతట తానే పొడిగింపబడు సౌకర్యము 2025 అక్టోబరు 30వ తేదినుండి వేసిన దరఖాస్తులకు తీసివేయబడినది. అనగా కాగితము సకాలమున రానిచో, ఆమె చేయు పని నడుమ నాగిపోవును. 2025 సెప్టెంబరు 19వ తేది ప్రకటన ప్రకారము, దేశము వెలుపలినుండి క్రొత్తగా హెచ్-1బి పనివానిని రప్పించుకొను యజమాని 1,00,000 డాలర్లు చెల్లింపవలెనని 12 మాసముల కాలమునకు విధింపబడుటయు పాఠికలు విని యుందురు. ధనసంబంధమైన యీ విషయముపై అందరును మాటలాడిరి. ఇపుడు మేము చెప్పబోవు దానిపై అంతగా ఎవరును మాటలాడలేదు.

వీసా దరఖాస్తులో గడచిన అయిదేండ్లలో తాము వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు వ్రాయవలెనని 2019 మే 31వ తేదినుండియే నియమము గలదు. 2025 జూన్ మాసమున విద్యార్థులకు మరియొక యుత్తరువు వచ్చినది. ఆ ఖాతాలను ఎల్లరకు కనబడునట్లు తెరచి యుంచవలెనని. అదే యుత్తరువు 2025 డిసెంబరు 15వ తేదినుండి హెచ్-1బి వారికిని, వారిపై ఆధారపడిన హెచ్-4 వారికిని వర్తింపజేయబడినది. అనగా ఉద్యోగమునకు పోవు భర్త మాత్రమే గాక, అతనివెంట పోవు ఇల్లాలు కూడ తన ఖాతాతలుపులు బార్లా తెరువవలసివచ్చినది. పరిశీలనకు కాలము పట్టును గనుక, మనదేశమున డిసెంబరులో జరుగవలసిన ముఖాముఖీలు పెక్కు 2026 మార్చి మొదలు ఆ పై మాసములకు వాయిదాపడెను. పెండ్లికో, తండ్రిని చూచుటకో వచ్చినవారు ఇచటనే నిలిచిపోయిరి. భార్య యొకచోట, భర్త యొకచోట, బడికి పోవలసిన బిడ్డలొకచోట నైరి.

ఇందు ప్రభుత్వపక్షమున చెప్పదగినది లేకపోలేదు. ఒక్క పక్కనే చూచి తీర్పు చెప్పుట మాకు సమ్మతము గాదు. 2001 సెప్టెంబరు 11వ తేదిని విమానములను పట్టుకొని దాదాపు 3,000 మందిని చంపిన పందొమ్మిదిమందియు వీసాలతోనే ఆ దేశమున అడుగిడిరి. ఆ మరుసటి సంవత్సరమే వీసాల చట్టము బిగింపబడెను. 2004 నుండి ద్వారమున వ్రేలిముద్రలు తీయుట మొదలయ్యెను. తన యింటికి వచ్చువారెవరో తెలిసికొనుట గృహస్థునకు హక్కు మాత్రమే గాదు, ఇంటిలోని పిల్లలపట్ల ధర్మము కూడ. మనదేశము మాత్రము ఊరకున్నదా? 2025వ సంవత్సరమున మన పార్లమెంటు ఆమోదించిన వలసల, విదేశీయుల చట్టము ప్రకారము, విదేశీయుడు బసచేసిన గృహమువారును, చదువుకొను విశ్వవిద్యాలయమువారును, చికిత్స చేయు ఆసుపత్రివారును అతని వివరములను అధికారులకు తెలుపవలసి యున్నది. కావున సోదాయే తప్పని మేమనము. ఏది సోదా, ఏది గుట్టురట్టు, ఆ రెంటికిని నడుమ గీత యెచట నున్నదని మాత్రమే మా ప్రశ్న.

వ్రేలిముద్ర మనుష్యుడెవరో చెప్పును. అతడు ఏమి తలచుచున్నాడో చెప్పదు. పాస్‌పోర్టు పుట్టినయూరును చెప్పును. మనసులోని మాటను చెప్పదు. కాని ఒక స్త్రీ పదేండ్లుగా తనవారికై వ్రాసికొన్న నాలుగుమాటలు, పెట్టుకొన్న చిత్రములు అట్టివి కావు. అందు చెల్లెలి పురుడు కలదు, తోడికోడలి సీమంతము కలదు, చనిపోయిన తల్లికై యేడ్చిన యేడుపు కలదు, స్నానము చేయించి బొట్టుపెట్టిన పసిబిడ్డ కలదు. వీసా కోరినది ఆమె యొక్కతె. బయటపడునది వారందరి సంగతులు. చెల్లెలు అమెరికాకు పోవుట లేదు, తోడికోడలు ఏ దరఖాస్తును వేయలేదు. వారి యనుమతి నడిగినవారెవరు?

మరియొకటి. పరీక్షించువాడు ఒక్క యధికారి. కాని తలుపు తెరచునది లోకమంతటికిని. వైద్యునకు నాడి చూపవలసివచ్చినపుడు అతని గదిలో చూపుదుము గాని సంతలో నిలిచి చూపము గదా! అధికారికి మాత్రమే కనబడునట్లు చూపుటకు మార్గము ఏర్పరచుట నేటి యంత్రజ్ఞులకు అసాధ్యమైన పని కాదు. అట్లు చేయక, అందరకు తెరచి యుంచుమనుటచే, ఆ యింటి గడపలోనికి అధికారితోపాటు ఆకతాయియు, మోసగాడును, చిత్రములను దొంగిలించి వికృతము చేయువాడును ప్రవేశించుటకు దారి యేర్పడుచున్నది. పురుషునకిది చికాకు, స్త్రీకిది భయము. దేశరక్షణకై పెట్టిన నియమము ఇల్లాలి రక్షణను తగ్గించుచున్నదను సంగతి దానిని వ్రాసినవారి తలపునకు వచ్చినదో లేదో!

ఇంతకంటె లోతైన కీడు మౌనము. రేపెప్పుడో ఎవరో చదువుదురను శంకచే మనుష్యులు నేడే తమ మాటను మింగుకొందురు. అన్యాయమైనదానిని అన్యాయమనుటకు వెనుదీయుదురు. దుష్టుడు అట్టి ఖాతాను ముందుగనే మూసివేసి మరియొక పేరుతో దాగికొనును. పట్టుబడునది దాచుటకేమియు లేని సామాన్యురాలు.

నిరాకరణ వచ్చినచో గతియేమి? కాన్సులేటు అధికారి వీసా నిరాకరించినపుడు న్యాయస్థానములు సామాన్యముగ ఆ విషయమున చేయిపెట్టవు. 2024 జూన్ మాసమున అమెరికా సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పొకటి పాఠికలు తెలిసికొనదగినది. ఆ దేశపు పౌరురాలైన యొక స్త్రీ తన భర్తకు వీసా ఇయ్యలేదని న్యాయస్థానమున కెక్కెను. అతడు ఎల్ సాల్వడోరు దేశస్థుడు. అతని యొడలిపై పచ్చబొట్లను చూచి దుష్టముఠాలో చేరినవాడేమో యని అధికారులు శంకించిరి. ఆ కారణమైనను వారికి తెలిసినది సంవత్సరములు గడచి, వ్యాజ్యము నడచుచుండగానే. పరదేశీయుడైన భర్తను దేశములోనికి రానిమ్మని కోరుట పౌరురాలికి మౌలికమైన హక్కు కాదని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు తీర్పుచెప్పిరి. పౌరురాలి గతియే ఇట్లుండగా, పరదేశమునుండి పోవు మన యాడపడుచుల మాట చెప్పనేల?

తాత్కాలికముగ పనికిపోవుటయు, ద్వారమున అవమానమును మనజాతికి క్రొత్త గావు. 1860వ సంవత్సరము మొదలు మద్రాసు రేవునుండి తెలుగు, తమిళ కూలీలు అయిదేండ్ల ఒడంబడికపై దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ఓడలెక్కిరి. వారి కష్టము కావలసెను. వారు మాత్రము అక్కరలేదు. గడువు తీరిన పిమ్మట అచటనే నిలుచువారిపై 1895వ సంవత్సరపు చట్టముచే ఏటికి 3 పౌనుల తలపన్ను వేయబడెను. పదుమూడేండ్లు దాటిన బాలికలు సైతము దానికి లోనైరి. ప్రక్కనున్న ట్రాన్సువాలులో 1906వ సంవత్సరమున మరియొక శాసనము తలపెట్టబడెను. భారతీయులందరును వ్రేలిముద్రలిచ్చి చీటీలు పొందవలెను. పోలీసువారు ఇంటిలోనికి వచ్చి ఆ చీటీ చూపుమనవచ్చును. మొదటి చిత్తులో స్త్రీలును చేర్చబడిరి. ఆందోళన రేగిన పిమ్మట వారిని విడిచిపెట్టిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదిని జొహానెస్‌బర్గులోని యొక నాటకశాలలో మనవారు గూడి, ఆ శాసనమునకు లొంగమని ప్రమాణము చేసిరి. సత్యాగ్రహమునకు పుట్టుక అదియే. 1908వ సంవత్సరమున ఆ చీటీలను వేలకొలది మంటలో వేసిరి.

ఆ పోరాటములో స్త్రీలు దిగినది 1913లో. క్రైస్తవపద్ధతిని జరుగని వివాహములు చట్టమునకు చెల్లవను నర్థము వచ్చునట్లు ఆ సంవత్సరము మార్చిలో కేపుటౌను న్యాయస్థానము తీర్పు చెప్పెను. దానితో మన స్త్రీల మంగళసూత్రమునకే విలువ లేకపోయెను. కస్తూరిబా మొదలగువారు సరిహద్దు దాటి చెరసాలకు పోయిరి. తమిళకన్య వల్లియమ్మ చెరనుండి జ్వరముతో వెలువడి 1914 ఫిబ్రవరిలో ప్రాణములు విడిచెను. ఆ సంవత్సరమే తలపన్ను తొలగింపబడెను; మన వివాహములు గుర్తింపబడెను. ఆనాటి ట్రాన్సువాలును నేటి అమెరికాను ఒక్కటే యని మేము చెప్పుట లేదు. అచట బలవంతము, ఇచట మనవారు కోరిపోవుట. కాని ఒక్క సత్యము రెండుచోట్లను ఒక్కటే. ద్వారమున కాగితము అడుగువాడు తుదకు వచ్చి నిలుచునది ఇంటిలోని స్త్రీ యెదుటనే.

మన దేశమున 2017 ఆగస్టు 24వ తేదిని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగ, వ్యక్తియొక్క గోప్యత రాజ్యాంగము ఇచ్చిన మౌలికహక్కని తీర్పుచెప్పిరి. దానికి మితి లేదని వారనలేదు. ప్రభుత్వము అందు జోక్యము చేసికొనవలెనన్నచో చట్టముండవలెను, న్యాయమైన ప్రయోజనముండవలెను, ఆ ప్రయోజనమునకు తగినంతయే జోక్యముండవలెనని చెప్పిరి. ఈ కొలతబద్ద ఏ దేశపు ద్వారమునకైనను పనికివచ్చునది. దానికి మేము మరి రెండు చేర్చుదుము: నిరాకరించినచో కారణము చెప్పవలెను, చెప్పిన కారణము తప్పైనచో మొరపెట్టుకొనుటకు చోటుండవలెను. ఈ అయిదును గల సోదా ఎంత కఠినమైనదైనను మర్యాదకు లోబడినదే. ఇవి లేని సోదా ఎంత మృదువుగ జరిగినను గుట్టురట్టే.

చట్టము మారువరకు మన చేతిలోనున్న జాగ్రత్తలు కొన్ని గలవు. వానిని కూడ వ్రాయుట మా విధి. దరఖాస్తులో ఏ ఖాతాను దాచరాదు. అబద్ధము చెప్పి వీసా కోరినట్లు తేలినచో ఆ దేశపు తలుపు ఆజన్మాంతము మూసికొనవచ్చును. తెరచి యుంచవలసిన ఖాతాలో పసిపిల్లల చిత్రములు, ఇంటి చిరునామా, ఫోను నంబరు, నగల పటములు ఉండనక్కరలేదు. వానిని ముందుగనే తీసివేయుట మోసము కాదు, వివేకము. అందున్న బంధువులకు ముందుగ తెలుపుట మర్యాద. ఇంటిలోని కన్నియలకు నేటినుండియే చెప్పవలసినది, ఒకసారి వ్రాసినది చెరువులో వేసిన రాయివంటిదని. మునిగినను లోపలనే యుండును. విమానాశ్రయమున అధికారులు ఫోనును సోదాచేయుటకు తమకు అధికారము గలదందురు. అది జరుగునది నూటికొక్కరికంటె చాల తక్కువమందికే గనుక దానికై బెంగపడి ప్రయాణము మానుకొననక్కరలేదు.

హెచ్-4పై పోవు నవవధువులకు మరి రెండు మాటలు. తన పాస్‌పోర్టును, వీసా కాగితములను తానే దాచుకొనవలెను. భర్తకుగాని అత్తమామలకుగాని అప్పగించి, అడిగి పుచ్చుకొను స్థితిలో నుండరాదు. వాని ప్రతులొక జత పుట్టింటనుంచుట మంచిది. భర్త హింసించువాడైనచో తన నివాసము అతనిపై నాధారపడియున్నదని భయపడి నోరుమూసికొనువారు కలరు. అట్టివారు తామే పనిచేయుటకు వేరుగా అనుమతి కోరవచ్చునని అమెరికాలో 2005వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. దానికి తగిన దరఖాస్తు 2017 నుండి స్వీకరింపబడుచున్నది. ఈ సంగతి యెరిగిన తల్లి తన కుమార్తెకు పసుపుకుంకుమలతోపాటు దీనిని కూడ చెప్పి పంపవలెను.

తుదిగా మన యిండ్లలోనికి తొంగిచూచుకొందము. పరదేశపు అధికారి మన ఉత్తరములు చదువుచున్నాడని కోపించు మనము, కోడలి ఫోను తీసి చూచుటలేదా? కుమార్తెకు వచ్చిన కబురును ఆమెకంటె ముందు చదువుటలేదా? ఆమె మేలు కోరియే చేయుచున్నామందుము. అధికారియు దేశము మేలు కోరియే చేయుచున్నాననును. మేలు కోరువారికిని మితి యుండవలెను. ఆ మితిని ఇంటిలో పాటించిన జాతి, దానిని దేశముల ద్వారములయందు అడుగుటకు యోగ్యత గలిగి, గొంతెత్తి యడుగగలదు. అట్లు అడుగునట్టి గొంతులలో స్త్రీల గొంతు మొదటిది కావలెనని మా కోరిక.